అద్దెకు తెచ్చిన చిత్రం తడిసింది, మరొకటి క్యాలెండరుకెక్కింది: మా బాధ్యత ఎంత?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు ఆఫీసు కోసం నల్లగొండలోని ఒక చిత్రకారుని వద్ద ఐదు చిత్రాలను నెలకు 6,000 రూపాయల చొప్పున పదకొండు నెలలకు అద్దెకు తీసుకున్నాం. ‘పాడైతే పూర్తి ధర చెల్లించాలి’ అని, ఒక్కొక్క చిత్రం ధర వేసి, కాగితం మీద సంతకాలు చేసుకున్నాం. వానాకాలంలో గోడ చెమ్మగిల్లి ఒక చిత్రం కింది అంచుకు బూజు పట్టింది. చెమ్మ సంగతి తెలిసినా పనుల ఒత్తిడిలో చిత్రాన్ని తీయలేకపోయాం. మరొక చిత్రాన్ని సంక్రాంతి క్యాలెండరు మీద మిల్లు పేరుతో అచ్చు వేయించి రైతులకు, డీలర్లకు ఉచితంగా పంచాం. ఇప్పుడు ఆయన తడిసిన చిత్రానికి 90,000 రూపాయలు, క్యాలెండరుకు వేరుగా పరిహారం కోరుతూ లాయరు నోటీసు పంపారు. మేము రెండు నెలల అద్దె ఆపాము. అద్దె కట్టే మాకు హక్కు ఏమీ లేదా?

జవాబు: మీకు హక్కు ఉన్నది, కానీ అది చిత్రాన్ని గోడకు వేలాడదీసుకోవడం వరకే. రెండు వివాదాలలో క్యాలెండరుదే బరువైనది కనుక ముందుగా దానిని చెబుతాను. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 14 ప్రకారం చిత్రాన్ని ఏ రూపంలోనైనా తిరిగి అచ్చు వేసే హక్కు కాపీరైట్ యజమానిది. ఒకరి కింద ఉద్యోగం చేస్తూ గీసినది, లేదా ఒకరు డబ్బిచ్చి ప్రత్యేకంగా గీయించుకున్నది కాకపోతే మామూలుగా ఆ యజమాని చిత్రకారుడే. అలా గీసి ఉంచిన చిత్రాన్ని పూర్తి ధర పెట్టి కొనుక్కున్నవారికి కూడా ఆ హక్కు దానంతటది రాదు, రాతపూర్వకంగా ఇస్తేనే వస్తుంది. మీరు ఉచితంగా పంచినా క్యాలెండరు మీద మిల్లు పేరున్నది కాబట్టి కోర్టు దానిని వ్యాపార ప్రచారంగానే చూస్తుంది. చిత్రం కింద చిత్రకారుని పేరు వేయకపోయి ఉంటే సెక్షన్ 57 కింద మరొక అభ్యంతరం కూడా వస్తుంది. కృతి చేతులు మారినా దాని మీద తన పేరు ఉండాలని, దానిని పాడుచేసి తన ప్రతిష్ఠకు భంగం కలిగించరాదని కోరే హక్కును ఆ సెక్షన్ కళాకారునికి ఇస్తుంది.

ఆ సెక్షన్ బలం తెలియడానికి ఒక తీర్పు చెబుతాను. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడవేయగా అది చెడిపోయింది. అది ప్రభుత్వ సొత్తే అయినప్పటికీ ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పికి 5 లక్షల రూపాయలు ఇప్పించి, మిగిలిన భాగాలను ఆయనకే అప్పగించమన్నది. సొంతదారుకే ఇంత బాధ్యత ఉన్నప్పుడు అద్దెదారు ఎంత జాగ్రత్తగా మెలగాలో ఆలోచించండి. తెలిసి చేసే ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద క్రిమినల్ కేసుకూ అవకాశమున్నది కనుక మిగిలిన క్యాలెండర్ల పంపిణీని నేడే ఆపండి.

ఇక తడిసిన చిత్రం సంగతి. వస్తువును అద్దెకు తీసుకోవడం ఇల్లు అద్దెకు తీసుకోవడం వంటిది కాదు. దీనికి కాంట్రాక్టు చట్టం, 1872లోని బెయిల్‌మెంట్ (ఒకరి వస్తువును మరొకరు కొంతకాలం తమ వద్ద ఉంచుకుని తిరిగి అప్పగించడం) నియమాలు వర్తిస్తాయి. సెక్షన్ 151 ప్రకారం, వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత భద్రంగా చూసుకుంటాడో మీరూ అంత భద్రంగా చూడాలి, చూశామని నిరూపించుకోవలసిన భారం కూడా మీదే. చెమ్మ తెలిసీ తీయలేదని మీరే రాశారు. ఈ ఒక్క వాక్యం మీ వాదనను చాలా బలహీనపరుస్తుంది. అయినా కాగితంలో పూర్తి ధర రాసినంత మాత్రాన 90,000 రూపాయలూ చెల్లించాలని కాదు. సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. బూజు అంచుకే పరిమితమై, నిపుణుడు బాగుచేయగలిగితే, ఆ ఖర్చు, చిత్రం విలువలో తగ్గిన మేరకు పరిహారం అనే లెక్క మీద బేరం కుదుర్చుకోవచ్చు.

అందుకు సాక్ష్యం కావాలి. చిత్రాన్ని పొడిగా ఉన్న గదిలోకి మార్చి, పగటి వెలుగులో ముందు వైపే కాక కాన్వాసు వెనుక వైపు, చెక్క చట్రం మూలలు, మేకుల చుట్టూ పట్టిన తుప్పు కూడా ఫొటోలు తీయండి. తడిగుడ్డతో తుడవడం, ఎండలో పెట్టడం వంటివి చేయకండి. రంగు పెచ్చులూడితే నష్టం మీ చేతులతో మీరే పెంచినట్లవుతుంది. ఇచ్చిన రోజు తీసిన ఫొటోలు ఎవరి దగ్గరున్నా వెతికించండి.

ఆపిన అద్దె మాత్రం వెంటనే కట్టండి. మిగిలిన నాలుగు చిత్రాలు ఇప్పటికీ మీ గోడల మీదే ఉన్నాయి కాబట్టి మొత్తం అద్దె నిలపడానికి మీకు ఆధారం లేదు, పైగా రాజీకి అది అడ్డు. ఆఫీసు బీమా పాలసీని కూడా చూడండి. ఇతరుల సొత్తు, కళాఖండాలు అందులో పేర్కొనకపోతే సాధారణంగా క్లెయిము రాదు.

నా సలహా రాజీయే. నోటీసు గడువు లోపల జవాబు పంపుతూ, అచ్చు వేసిన ప్రతులకు తగిన రుసుము, చిత్రం బాగుచేయించే ఖర్చు ప్రతిపాదించండి. ఆయన సరేనంటే నల్లగొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాయించుకోండి. ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. వచ్చే ఏడాది క్యాలెండరుకు ఆ చిత్రమే కావాలనుకుంటే, ఎన్ని ప్రతులు, ఎంత రుసుము, ఆయన పేరు ఎక్కడ వేస్తారు అన్నవి అదే రాజీ పత్రంలో చేర్పించండి.