డిగ్రీ ఫిజిక్స్ సిలబస్ రాసేముందు లెక్కల సిలబస్ తెరవండి

మీ కాలేజీకి అటానమస్ (సొంత సిలబస్ రాసుకునే హోదా) వచ్చిందనీ, బీఎస్సీ ఫిజిక్స్ సిలబస్ తయారుచేసే పని మీకు అప్పగించారనీ, ఏ టాపిక్స్ పెట్టాలో చెప్పమనీ అడిగారు. ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి తప్పు చేశాను కాబట్టి ముందు అదే చెబుతాను.

అప్పుడు నాలుగైదు యూనివర్సిటీల సిలబస్‌లు ముందేసుకుని, బాగున్నవన్నీ ఏరి ఒకచోట చేర్చాం. మొదటి సెమిస్టర్ మొదటి యూనిట్‌లోనే వెక్టర్ కాలిక్యులస్‌కు చెందిన గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ వచ్చాయి. ఆ సమయానికి లెక్కల క్లాసులో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నడుస్తున్నాయి. వెక్టర్ కాలిక్యులస్ చివరి ఏడాదికి గానీ రాదు. రెండో వారంలో ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఈ తలకిందుల త్రిభుజం దేనికి?" అని అడిగింది. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. ఆ మూడింటిలోనూ వాడే ఆ ∇ గుర్తు నిజంగా పనికొచ్చేది విద్యుత్ క్షేత్రం దగ్గర, అది ఇంకా మూడు సెమిస్టర్ల దూరంలో ఉంది. ఆ బ్యాచ్ అంతా గాస్ సిద్ధాంతాన్ని బట్టీపట్టి రాసింది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండోసారి మ్యాథ్స్ లెక్చరర్లను పక్కన కూర్చోబెట్టుకున్నాం. ప్రతి టాపిక్‌కీ ఏ గణితం కావాలి, అది పిల్లలకు ఎప్పుడు వస్తుంది అని ఒక పెద్ద షీటు మీద రాశాం. వెక్టర్ కాలిక్యులస్‌ని తీసుకెళ్లి విద్యుత్తు పేపర్లోనే గాస్ నియమం పక్కన పెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు, తోడుగా ఒక మైనర్) వచ్చాక ఈ షీటు అవసరం ఇంకా పెరిగింది. పాత ఎంపీసీలో ఫిజిక్స్ చదివేవాళ్లందరికీ లెక్కలు ఉండేవి. ఇప్పుడు మైనర్‌గా ఏం తీసుకుంటారో మనం ముందే అనుకోలేం. కావలసిన గణితాన్ని ఫిజిక్స్ పేపర్లలోనే నేర్పాలి.

తర్వాత గంటలు. నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 15 వారాలు, వారానికి 4 గంటలు, మొత్తం 60. ఇంటర్నల్స్, సెలవులు, కాలేజీ కార్యక్రమాలు పోగా మాకు ఒక సెమిస్టర్‌లో నికరంగా 46 దొరికాయి. 45కే రాయండి. మేము ఆప్టిక్స్‌లో అబెర్రేషన్స్ (కటకాలు ఏర్పరిచే ప్రతిబింబాల్లో లోపాలు) యూనిట్ మొత్తం తీసేశాం. సిలబస్‌ను ఖరారుచేసే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు, గంటసేపు వాదన నడిచింది. ఒక టాపిక్ చేర్చాలంటే ఏది తీసేస్తారో కూడా చెప్పాలని మీరు మొదటి మీటింగ్‌లోనే నియమం పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ప్రాక్టికల్స్. ఇరవై ప్రయోగాలు పెట్టి రికార్డులు నింపించడం కన్నా, పది పెట్టి కొలతలో దోషం ఎంతో చెప్పించడం మేలు. మా మొదటి ప్రయోగం మామూలు లోలకమే. పొడవు 100 సెం.మీ. ఉంటే ఒక డోలనానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందనుకోండి, ఒక్క డోలనమే కొలిస్తే కాలంలో 10 శాతం, g (గురుత్వ త్వరణం) విలువలో సుమారు 20 శాతం తప్పు వస్తుంది. 20 డోలనాలు కొలిస్తే అదే 0.2 సెకను 40 సెకన్ల మీద పడుతుంది, g లో తప్పు 1 శాతానికి దిగుతుంది. పిల్లలు రెండు రకాలుగా కొలిచి, రెండు జవాబులూ పక్కపక్కన రాయాలి. 9.8 రావడం కోసం రీడింగులు దిద్దే అలవాటు మా ల్యాబ్‌లో చాలావరకు తగ్గింది దీనివల్లే.

మోడల్ ప్రశ్నపత్రం కూడా సిలబస్‌తో పాటే రాసి అదే మీటింగ్‌లో పెట్టండి. పిల్లలు నిజంగా చదివేది దాన్నే. మేము ప్రతి పేపర్లో ఒక రీడింగుల పట్టిక ఇచ్చి, గ్రాఫ్ గీసి వాలు కనుక్కోమనే ప్రశ్న తప్పనిసరి చేశాం.

మీ దగ్గర ఏ మైనర్లు ఉన్నాయో, ల్యాబ్‌లో పనిచేసే స్పెక్ట్రోమీటర్లు, కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో రాయండి. సెమిస్టర్ల వరస ఎలా ఉంటే బాగుంటుందో చెబుతాను.