ఈఎంసీ నిబంధనలు సడలిస్తే మామూలు జనానికి నష్టమేంటి?

ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువూ ఎంతో కొంత రేడియో రొద పుట్టిస్తుంది. పక్క పరికరానికి అది అడ్డు కాకుండా పెట్టిన హద్దులే ఈఎంసీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీ) నిబంధనలు. తయారీదారులు పరీక్షల ఖర్చు ఎక్కువని సడలింపు అడుగుతారు, రేడియో వాడేవాళ్లు వద్దంటారు.

విజయవాడలో మా ఇంట్లో నాన్నగారు ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వింటారు. ఫుట్‌పాత్ మీద కొన్న ఎల్‌ఈడీ బల్బు వేయగానే వార్తలు పోయి జుయ్‌మనే మోత. బల్బు విప్పి చూస్తే, బోర్డు మీద రొదను అడ్డుకునే తీగచుట్ట, అంటే చోక్, ఉండాల్సిన చోట తీగ ముక్క అతికించి ఉంది! దాంతో తయారీదారుకు మిగిలింది కొద్ది రూపాయలే అయ్యుంటుంది. బల్బులో ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్, అంటే డ్రైవర్, సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆ చోక్, దానితోపాటు రొదను వడకట్టే కెపాసిటర్ లేకపోతే ఆ రొద కరెంటు తీగల్లోకి వెళ్తుంది, ఇంటి వైరింగే యాంటెనా అయిపోతుంది.

అన్నిటికీ ల్యాబ్ సర్టిఫికెట్ కావాలని నేననను. యూరప్‌లో 2014 నాటి ఈఎంసీ డైరెక్టివ్ (ఈయూ చట్టం) ప్రకారం నిబంధనలు పాటించానని తయారీదారే స్వయంగా ప్రకటించుకోవచ్చు, కానీ ఆధారాల ఫైలు దగ్గరుండాలి. మన దగ్గర 2012లో మొదలైన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ ప్రధానంగా షాక్, మంటల్లాంటి భద్రత కోసం. కాబట్టి వస్తువు మీద ఆ రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్నంత మాత్రాన రొద చేయదని కాదు.

నా భయం ఒక్క బల్బు గురించి కాదు. అపార్ట్‌మెంట్‌లో ఇలాంటివి వందుంటే, రొద ఎవరిదని పట్టుకుంటాం?