డోలో వేసుకుంటూ టైలెనాల్ కూడా వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 66. అమెరికాలో మా అబ్బాయి ఇంటికొచ్చాం. రెండు రోజులుగా జ్వరం. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో 650 ఆరు గంటలకొకటి వేసుకుంటున్నా. తగ్గట్లేదని మా కోడలు టైలెనాల్ ఇస్తోంది. డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉంది. రెండూ కలిపి వాడొచ్చా?

జవాబు: వద్దండీ. అవి రెండు మందులు కావు. డోలోలో ఉండేది పారాసిటమాల్. దాన్నే అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు.

ఈ తికమకంతా పేరు కత్తిరించడంలో వచ్చింది. దీని రసాయన నామం పారా అసిటైల్ అమైనో ఫినాల్. బ్రిటన్‌వాళ్లు నాలుగు ముక్కల నుంచీ తలా కొంచెం తీసుకుని పారాసిటమాల్ అన్నారు. మనకూ అదే అలవాటైంది. అమెరికావాళ్లు ‘పారా’ వదిలేసి, మిగతాది అసిటమినోఫెన్‌గా కుదించారు. 1955లో వచ్చిన టైలెనాల్ కూడా కొత్త మాటేం కాదు: అసిటైల్‌లోని ‘టైల్’, ఫినాల్ తోక కలిపి అతికించిందే. అక్కడి మందుల చీటీల మీద కనిపించే ‘ఏపీఏపీ’ కూడా ఇదే.

ఇక లెక్క చూడండి. డోలో రోజుకు నాలుగంటే 2,600 మిల్లీగ్రాములు. ఎక్స్‌ట్రా స్ట్రెంత్ టైలెనాల్ ఒక్కోటి 500. రెండేసి చొప్పున రెండుసార్లు వేసుకుంటే ఇంకో 2,000. మొత్తం 4,600. పెద్దవాళ్లకు 24 గంటల్లో గరిష్ఠ పరిమితి 4,000. మీ వయసులో, అందులోనూ బరువు 50 కిలోల లోపున్నా, మద్యం అలవాటున్నా 3,000 లోపే ఆపడం మేలు. పడుకునే ముందు జలుబుకని నైక్విల్ క్యాప్సూల్స్ రెండు వేసుకుంటే అందులోనూ 650 ఉంటుంది. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు.

మోతాదు మించితే దెబ్బ కాలేయానికి. ఈ మందులో కొంత భాగం అక్కడ విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లుటాథియోన్ అయిపోతే కాలేయ కణాలు చనిపోతాయి. చిక్కేమిటంటే, మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్ మోతాదు మించిన ఎనిమిది గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది.

కాబట్టి గత 24 గంటల్లో వేసుకున్నవన్నీ కాగితం మీద కూడండి. 4,000 దాటితే, ఒంట్లో బాగానే ఉన్నా, వెంటనే 1-800-222-1222కు ఫోన్ చేయండి. అది అమెరికా పాయిజన్ హెల్ప్ లైన్; ఉచితం, ఇన్సూరెన్స్ అడగరు. దాటకపోతే ఏదో ఒకటే ఉంచుకోండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే మాత్రం ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) ముందుగా చేయించాలి, పారాసిటమాల్ రోజూ వాడితే ఆ ఐఎన్ఆర్ పెరగొచ్చు. జ్వరం మూడు రోజులు దాటితే మాత్ర మార్చడం కాదు, డాక్టర్‌కు చూపించుకోండి.