ఫోన్ లాక్కోకండి అక్కా, ముందు బాబు పక్కన కూర్చోండి

ఆరో తరగతి బాబు రాత్రిదాకా గేమ్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఫోన్ లాక్కోవాలా అని అడిగారు. వద్దక్కా. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, వడ్ల సీజన్‌లో ఇంటికొచ్చేసరికి పది దాటుతుంది. రెండేళ్ల కింద మా బిడ్డ ఏడో తరగతి. తొమ్మిదో తరగతి అమ్మాయినంటూ గేమ్‌లో ఎవరో పరిచయమయ్యారు. పది రోజులు ఆట ముచ్చట్లే. తర్వాత వేరే యాప్‌కు రమ్మని ఫొటో అడిగితే, మామూలు ఫొటో పంపింది. ఆ తర్వాత అడిగినవి ఇక్కడ రాయలేను. పంపకపోతే ఉన్న ఫొటోనే మార్చి క్లాసులో అందరికీ పెడతామని బెదిరింపు.

నాలుగు రోజులు మాకు తెలియనే లేదు. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేది. ఫోన్ మోగితే ఉలిక్కిపడి బోర్లించేది. చివరికి వాళ్ల అమ్మమ్మకు చెప్పింది. నాకెందుకు చెప్పలేదు బిడ్డా అంటే, ‘ఫోన్ పగలగొడతానన్నవు కద నాయినా’ అంది. నెల కింద నేనే అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది.

భయంతో చాట్ చెరిపేయబోతుంటే ఆపాను. స్క్రీన్‌షాట్లు తీసి, ఐడీ రాసుకున్నాకే బ్లాక్ చేశాం. కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు విడిగా భాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. మేం అందులోనే పెట్టాం. ఆ ఐడీ నుంచి మళ్లీ మెసేజ్ రాలేదు.

సెట్టింగులు కూడా చూసుకోండి. పిల్లల ఫోన్‌ను పెద్దలు చూసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెడితే కొత్త యాప్‌కు మీ అనుమతి కావాలి, రాత్రి తొమ్మిదికి ఫోన్ లాక్ అయ్యేలా పెట్టొచ్చు. తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా వాట్సాప్ ప్రైవసీలో గ్రూప్స్ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెట్టండి. గేమ్‌లో చాట్ ఆపేయండి. కానీ అంతకంటే ముందు ఈ రాత్రి బాబు పక్కన కూర్చుని ఆ గేమ్ ఎట్లా ఆడాలో నేర్పమని అడగండి. ఎవరెవరితో ఆడుతున్నాడో వాడే చెప్తాడు. ఏం జరిగినా తిట్టను, ఫోన్ తీసుకోను అని మాటివ్వండి, ఇచ్చాక తప్పకండి.

ఒకవేళ ఇప్పటికే ఏదైనా ఫొటో పంపి ఉంటే, సాక్ష్యం కోసమని కూడా దాన్ని బంధువుల ఫోన్లకు పంపకండి. డబ్బులడిగితే ఇవ్వకండి, ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లల విషయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది, అర్ధరాత్రయినా ఎత్తుతారు. తెల్లారేదాకా ఆగకండి అక్కా.