వేమౌత్ బయల్దేరే ముందు

చి.ల.సౌ. అమ్మాయికీ, చిరంజీవి అల్లుడుగారికీ పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీ ప్లాన్ విన్నప్పటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. జూన్‌లో తొమ్మిది రోజులు సెలవు పెట్టి ఇంగ్లండ్ దక్షిణ తీరం వెంట తెరచాప పడవలో హాంబుల్ నుంచి లిమింగ్టన్, అక్కణ్ణుంచి పూల్, పూల్ నుంచి వేమౌత్, మళ్లీ అదే దారిన వెనక్కి. ఇద్దరూ డే స్కిప్పర్ కోర్సు (పగటిపూట పడవ నడపడం నేర్పేది) చేశారు. పడవ 28 అడుగులదే అయినా గట్టిది. మొదటి ప్రయాణానికి దారి కూడా మంచిదే ఎంచుకున్నారు. నాకు నచ్చనిది మీరు వేసుకున్న పట్టిక ఒక్కటే. ఆదివారం లిమింగ్టన్, మంగళవారం పూల్, గురువారం వేమౌత్, మళ్లీ ఆదివారం రాత్రికి ఇంట్లో అన్నారు. తెరచాప పడవకి అలా తేదీలు వేయకండి.

నేను చూసినంతలో మంచి పడవల్లో, పని తెలిసినవాళ్లు కూడా చెడ్డ రోజున బయల్దేరేది ఎందుకంటే, సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లాలి కాబట్టి. గాలి ఎక్కువని తెలుసు, ముందు రోజు రాత్రే ఫోర్‌కాస్ట్ చూశారు. అయినా 'మెల్లగా పోదాంలే' అనుకుంటారు. మీరు అలా అనుకోవాల్సిన అవసరమే లేదు. ఒకసారి రైలు మ్యాప్ తీసి చూడండి. వేమౌత్, పూల్, సౌతాంప్టన్ మూడూ లండన్ వాటర్‌లూ వెళ్లే లైన్ మీదే ఉన్నాయి. లిమింగ్టన్ నుంచి చిన్న రైలు బ్రాకెన్‌హర్స్ట్‌లో ఆ లైన్‌కే కలుపుతుంది. అంటే మీరు ఆగే ఏ హార్బర్ నుంచైనా పడవని అక్కడే కట్టేసి, బ్యాగు తగిలించుకుని ఇంటికి రావచ్చు. తర్వాతి వారాంతం వెళ్లి తెచ్చుకోండి. మెరీనాకి వారం అద్దె అవుతుంది, అవనివ్వండి. పడవతోనే ఇంటికి రావాలన్న పట్టుదల లేకపోతే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక నీళ్ల సంగతి. మన తీరంలో పెరిగినవాళ్లకి పోటూ పాటూ అంటే నీళ్లు ఎక్కడం, దిగడం. ఇక్కడ నీళ్లు అడ్డంగా పరుగెత్తడం అంతకన్నా ముఖ్యం. లిమింగ్టన్ దాటాక హర్స్ట్ కోట దగ్గర సోలెంట్ (ఒడ్డుకీ వైట్ దీవికీ మధ్య ఉన్న జలసంధి) మైలు కూడా లేని ఇరుకుదారి అవుతుంది. పౌర్ణమి, అమావాస్యలు వెళ్లిన ఒకటి రెండు రోజులకి అక్కడ ప్రవాహం 4 నాట్లు (గంటకి 4 నాటికల్ మైళ్లు) దాటుతుంది. మీ పడవ నడిచేదే 5. కలిసొస్తే నేల మీద లెక్కలో 9 నాట్లు పోతారు, ఎదురైతే గంటసేపు అదే కోటని చూస్తూ కూర్చుంటారు. పోర్ట్స్‌మత్‌లో పూర్తి పోటుకి సుమారు గంట ముందు నుంచి అక్కడ నీళ్లు పడమరకి తిరుగుతాయి, బయటికి వెళ్లాల్సింది అప్పుడు. పోటు పట్టికలో టైము చూసేటప్పుడు జాగ్రత్త, అది జీఎంటీలో (గ్రీన్‌విచ్ టైములో) ఉంటే వేసవిలో ఒక గంట కలపాలి. అలసిపోయి ఉన్న రాత్రి ఈ ఒక్క గంటే మర్చిపోతారు. వీలైతే అష్టమి దాటిన రోజులు ఎంచుకోండి, ప్రవాహం దాదాపు సగానికి తగ్గుతుంది. అమ్మాయీ, మీ అమ్మ ఇంట్లో పంచాంగం ఉంటుంది కదా, సెలవు అడిగే ముందు అది చూడు.

పడమరకి పోయే నీళ్లకి ఎదురుగా నైరుతి గాలి వీస్తే మాత్రం అదే హర్స్ట్ బయట వేరే సముద్రం అయిపోతుంది. ఈ తీరంలో ఎక్కువగా వీచేది ఆ గాలే. అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. హర్స్ట్ నుంచి బయటికి పోయే నీడిల్స్ కాలువ పక్కన షింగిల్స్ అనే గులకరాళ్ల దిబ్బ ఉంది, అది జరుగుతూ ఉంటుంది, దాని మీద అలలు విరుగుతాయి. గాలి బోఫోర్ట్ కొలతలో 5 ఫోర్స్ దాటి నైరుతి నుంచి ఉంటే అటు వద్దు. ఉత్తరపు ఒడ్డు వెంట ఉండే నార్త్ ఛానెల్ చూడండి, లేదా ఆ పూట లిమింగ్టన్‌లోనే ఉండిపోండి.

పూల్ నుంచి వేమౌత్ సుమారు పాతిక నాటికల్ మైళ్లు. మధ్యలో దాక్కోవడానికి నమ్మకమైన చోటు లేదు. లల్‌వర్త్ కోవ్ ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా, దక్షిణపు గాలి తిరిగితే లోపలికి అలలు వచ్చేస్తాయి. దారిలో సెయింట్ ఆల్బన్స్ హెడ్ దగ్గర నీళ్ల అడుగున రాతి గట్టు ఉంది, దాని మీద ప్రవాహం కలబడుతుంది. కొండకి ఆనుకుని ఒక సన్నటి దారి ఉందని అందరూ చెబుతారు. ఉంది, కానీ మొదటిసారికి వద్దు. దక్షిణంగా మూడు మైళ్లకి పైనే దూరం జరిగి దాటండి. ఆ తర్వాత లల్‌వర్త్ దగ్గర సైన్యం కాల్పులు ప్రాక్టీసు చేసే చోటు వస్తుంది. టైములు ముందే ప్రకటిస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి.

అమ్మాయీ, వాతావరణం మాటిమాటికీ మారుతుందని భయపడుతున్నావు కానీ, అది మారే వరస చాలాసార్లు ఒకేలా ఉంటుంది. పొద్దున పడమర ఆకాశంలో ఎత్తున సన్నటి తెల్ల చారలు వస్తాయి. కాసేపటికి సూర్యుడి చుట్టూ గుడి కడుతుంది. బారోమీటర్ దిగడం మొదలవుతుంది. గాలి దక్షిణానికి, కొంచెం ఆగ్నేయానికి జరిగి పెరుగుతుంది. తర్వాత మబ్బు కిందికి దిగి వాన పడుతుంది, దూరం కనిపించదు. ఫ్రంట్ (వెచ్చటి గాలికీ చల్లటి గాలికీ మధ్య సరిహద్దు) దాటిపోగానే గాలి ఒక్కసారి వాయవ్యానికి దూకి ఎండ కాస్తుంది. అప్పుడు అందరూ హమ్మయ్య అనుకుని తాళ్లు విప్పుతారు. ఆ ఎండలోనే గట్టి ఈదురుగాలులు వస్తుంటాయి, కనీసం ఇంకో పూట ఆగండి. మెట్ ఆఫీస్ ఇన్‌షోర్ బులెటిన్‌లో మీరు చూడాల్సింది సెల్సీ బిల్ నుంచి లైమ్ రీజిస్ దాకా ఉన్న భాగం. గాలివాన హెచ్చరికలో 'ఇమ్మినెంట్' అంటే ఆరు గంటల్లోపు, 'సూన్' అంటే ఆరు నుంచి పన్నెండు, 'లేటర్' అంటే పన్నెండు దాటాక. 'సూన్' అని విన్నాక వేమౌత్‌కి తాళ్లు విప్పకూడదు.

ఇంకొకటి, అల్లుడుగారికి ముఖ్యంగా. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనకనుంచి ఉంటుంది. గాలి 18 నాట్లు, పడవ 5 నాట్లు అనుకోండి. కాక్‌పిట్‌లో మీ ముఖానికి తగిలేది 13. ఎండ కాస్తుంది, స్వెట్టర్ విప్పేస్తారు, పూర్తి తెరచాపతో హాయిగా పోతుంటారు. ఏదో అవసరం వచ్చి గాలికి ఎదురు తిరిగారు. పడవ గాలికి ఏటవాలుగానే పోగలదు కాబట్టి ఇప్పుడు తగిలేది సుమారు 22. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే తెరచాప మీద దాదాపు మూడింతల బలం. పడవ ఒక పక్కకి పడుకుంటుంది, చుక్కాని మాట వినదు, అమ్మాయి అప్పుడే టీ కాయడానికి లోపలికి వెళ్లి ఉంటుంది. అందుకే గాలి వెనకనుంచి ఉన్నా, ఎదురు తిరిగితే ఎంత తెరచాప ఉండాలో అంతే వేసుకోండి. రీఫ్ (తెరచాపని కొంత మడిచి చిన్నది చేయడం) సంగతి నడిసముద్రంలో తేల్చుకోవద్దు, హార్బర్‌లో ఉండగానే వేసేయండి. ఎక్కువైందనిపిస్తే బయట విప్పుకోవడం తేలిక.

ఇద్దరే ఉన్న పడవలో ఒకరు నీళ్లలో పడితే మిగిలేది ఒక్కరు. జూన్‌లో కూడా ఇక్కడి నీళ్లు 14, 15 డిగ్రీలే. పడ్డ మొదటి నిమిషంలో చలికి ఊపిరి అందదు, ఈత వచ్చా రాదా అన్నది అప్పుడు పనికిరాదు. కాబట్టి ఒక్కరే పైన ఉన్నప్పుడు, రాత్రి పూట, గాలి పెరిగినప్పుడు, లైఫ్‌జాకెట్ కట్టుకుని తాడుతో పడవకి తగిలించుకోవాల్సిందే. ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా పడవ ఆపగలగాలి, ఇంజన్ వేయగలగాలి, తెరచాప దించగలగాలి, రేడియోలో ఎర్ర బటన్ నొక్కి 16వ ఛానెల్‌లో మేడే (ప్రాణాపాయంలో ఉన్నామన్న పిలుపు) చెప్పగలగాలి. అమ్మాయీ, 'ఆయన చూసుకుంటారు' అనే మాట ఇక్కడ చెల్లదు. వచ్చే రెండు వారాంతాలూ సోలెంట్‌లో ఆయన్ని ఊరికే కూర్చోబెట్టి మొత్తం నువ్వే నడుపు. హార్బర్‌లోకి తేవడం కూడా. గట్టుకి కట్టే ముందు ఎవరు ఏ తాడు పట్టుకోవాలో బయటే మాట్లాడుకోండి, లోపలికి వచ్చాక ఇంజన్ శబ్దంలో కేకలు వేసుకుంటే సగం మాటలు వినపడవు, మిగతా సగం మనసుకి తగులుతాయి.

మీ పెద్దమ్మా నేనూ ఇన్నేళ్లూ పెట్టుకున్న నియమం ఒకటి మీకూ చెబుతున్నాను. బయల్దేరే పొద్దున ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆ రోజు ప్రయాణం లేదు. కారణం అడగకూడదు, సాయంత్రం ఎండ బాగా కాసినా 'చూశావా' అనకూడదు. ఆ నియమం వల్లే ఆవిడ నాతో ఇన్నాళ్లు వచ్చింది. దారిలో వెనక్కి తిరగడానికీ ఇదే వర్తిస్తుంది. పూల్ నుంచి వేమౌత్ వెళ్లేటప్పుడు, సెయింట్ ఆల్బన్స్‌కి ముందు వచ్చే ఆన్విల్ పాయింట్ దాకా వెళ్లి చూడండి. అక్కడ నచ్చకపోతే స్టడ్‌లాండ్ బే గంటన్నర వెనకే ఉంది, పడమటి గాలికి మంచి మాటు. తూర్పు గాలి అయితే మాత్రం అక్కడ లంగరు వేయకండి, నేరుగా పూల్ లోపలికే పోండి. లోపలికి వెళ్లే మొగలో గొలుసుల మీద నడిచే ఫెర్రీ ఉంటుంది, అది కదులుతుంటే దూరంగా ఆగండి.

తిండి ముందు రోజే చేసి పెట్టుకోండి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దితే ఊగే పడవలో స్టవ్ వెలిగించే పని ఉండదు. వికారం మాత్ర కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు, బయల్దేరడానికి రెండు గంటల ముందే వేసుకోండి.

హార్బర్ వదిలేటప్పుడు ఎక్కడికి, ఎన్నింటికి చేరతారో నాకు మెసేజ్ పెట్టండి. చేరాక ఇంకోటి. మధ్యలో మనసు మార్చుకుని వేరే చోటికి పోతే అది కూడా చెప్పాలి, లేకపోతే నేను కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేసి, మీరు స్టడ్‌లాండ్‌లో భోంచేస్తుంటే లైఫ్‌బోట్ వాళ్లు మీ కోసం సెయింట్ ఆల్బన్స్ దగ్గర వెతుకుతారు. వాళ్లలో చాలామంది ఉద్యోగాలు వదిలి పరుగెత్తుకొచ్చే వాలంటీర్లు.

ఈ ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు లైఫ్‌జాకెట్లు రెండూ కారులో వేసుకు రండి. వాటిని ఉబ్బించే గ్యాస్ సిలిండర్లు బిగువుగా ఉన్నాయో లేదో, మీద తేదీ ఏముందో చూద్దాం. కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ మీ వాటికి ఉన్నట్టు గుర్తులేదు, లేకపోతే అదే రోజు హాంబుల్‌లో కొందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న