కిరాయి ఇంటి రిపేరుకు ఎఫ్‌డీ తీయాలా, లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మేం మిర్యాలగూడలో ఉంటాం. నల్లగొండ రామగిరిలో మా ఇంట్లో రెండు పోర్షన్లకు కలిపి 14,000 కిరాయి వస్తుంది (కింద 7,500, పైన 6,500). హోమ్‌లోన్ ఈఎంఐ 6,200. స్లాబ్ కురుస్తోంది. మేస్త్రీ స్లాబ్‌కు 70,000, వైరింగ్‌కు 50,000, రెండు బాత్రూమ్‌లకు 90,000, షాబాద్ బండలు తీసి టైల్స్ వేయడానికి 1,50,000 అన్నాడు. పాప ఫీజు కోసం దాచిన ఎఫ్‌డీ 4 లక్షలు ఉంది. పర్సనల్ లోన్ తీసుకోవాలా? మా బావ రెండు రూపాయల మిత్తికి ఇస్తానంటున్నాడు.

జవాబు: ముందు టైల్స్ మాట పక్కన పెట్టండి. వాటివల్ల పోర్షన్‌కు 500 పెరిగినా ఏడాదికి వచ్చేది 12,000. పెట్టిన డబ్బు రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. షాబాద్ బండలకు పాలిష్ పట్టిస్తే చాలు. ఎండాకాలంలో కాలికి చల్లగా ఉండేవి అవే!

మొత్తం 3.6 లక్షలకు 14 శాతంతో ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,380. పాతదానితో కలిపితే 14,580. రెండు పోర్షన్లూ నిండి ఉన్నా మీ జేబులోంచే కట్టాలి. ఇల్లు ఖాళీ అయితే ఇక టెన్షనే.

వానలకు ముందే స్లాబ్, దాంతోపాటు వైరింగ్ చేయించండి. ఈ 1,20,000కు మీ హోమ్‌లోన్ బ్యాంకులోనే టాప్‌అప్ (ఉన్న హోమ్‌లోన్ మీద అదనంగా ఇచ్చే లోన్) అడగండి. 10 శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లకు ఈఎంఐ 2,550. రెండు ఈఎంఐలు పోను నెలకు 5,250 మిగులుతుంది. కింది పోర్షన్ ఖాళీ అయినా చేతి నుంచి పడేది 2,250 మాత్రమే. బావగారి దగ్గర ఇదే డబ్బు తీసుకుంటే నెలకు మిత్తే 2,400, అసలు అలాగే ఉంటుంది. బంధుత్వం సంగతి మీకే తెలుసు.

బాత్రూమ్‌లు ఒక్కొక్కటిగా కానివ్వండి. మిగిలే 5,250 విడిగా దాస్తే తొమ్మిది నెలల్లో ఒకదానికి సరిపోతుంది. కిరాయిదారు మారే సమయం చూసుకుంటే ఇంకా మంచిది. రెండు పోర్షన్లూ ఒకేసారి ఖాళీ చేయించకండి. పాప ఎఫ్‌డీ ముట్టుకోవద్దు.

ట్యాక్స్ లెక్కలో రిపేరు ఖర్చు విడిగా తగ్గదు. ఇంటి పన్ను పోను మిగిలిన కిరాయిలో 30 శాతానికి ఎలాగూ ట్యాక్స్ ఉండదు. టాప్‌అప్ వడ్డీని మాత్రం కిరాయి ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఆ డబ్బు ఇంటికే పెట్టినట్టు బిల్లులుండాలి.

మేస్త్రీకి పని నడిచేకొద్దీ ఇవ్వండి. చివరి పదివేలు మాత్రం మొదటి పెద్ద వాన పడి, స్లాబ్ కురవలేదని కింద కిరాయిదారు ఫోన్ చేశాకే.