సమాధానం: వేడెక్కాక ఐడిల్ పడిపోతోంది, థ్రాటిల్ బాడీ కడిగినా మళ్లీ అదే

బ్రదర్, ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పడిపోతోందని అడిగారు కదా. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) కడిగిస్తే కొన్నాళ్లు బాగుండి, మళ్లీ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతోందంటే మసి ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చూడలేదన్నమాట. ముందు ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూడండి. మెకానిక్‌లు చాలామంది గుర్తు దాటించి పోస్తారు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్‌బాక్స్‌లోకి (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బాలోకి) ఆవిరిగా వెళ్లి, థ్రాటిల్ బాడీలో గాలికి తలుపులా తిరిగే బటర్‌ఫ్లై రేకు అంచునా, ఐడిల్ గాలి వెళ్లే సన్న దారిలోనూ జిడ్డుగా పేరుకుంటుంది. ఎయిర్‌బాక్స్ అడుగున ఆయిల్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

తర్వాత, థ్రాటిల్ బాడీకీ ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం చూడండి. బండి ఐడిల్‌లో ఉండగా దాని చుట్టూ సన్నగా నీళ్లు స్ప్రే చేయండి. ఆర్‌పీఎం (ఇంజిన్ వేగం) మారితే గాలి లీకే. క్లిప్ బిగించండి, పగుళ్లుంటే రబ్బరు మార్చండి. నీళ్లకు బదులు వేడి ఇంజిన్ మీద క్లీనర్ కొట్టకండి, నిప్పు అంటుకుంటుంది.

ఈసారి కడిగేటప్పుడు క్లీనర్‌ను గుడ్డకు పట్టించి తుడవండి, సెన్సర్ల వైపు పోనివ్వకండి. రంగు గుర్తు పెట్టిన థ్రాటిల్ స్టాప్ స్క్రూ (బటర్‌ఫ్లై ఎంతవరకు మూసుకోవాలో ఆపే స్క్రూ) జోలికి అసలు పోవద్దు. అది తిప్పితే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్క తప్పుతుంది.

ఇవేవీ కాకపోతే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్న ఖాళీ) చూపించండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మాన్యువల్ కొలత ప్రకారం. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర ఆ ఖాళీ తగ్గి బిగుసుకుంటే చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి వేడెక్కాకే ఏడిపిస్తుంది. బ్యాటరీ కూడా ఓసారి కొలవండి: ఆపి ఉంచినప్పుడు 12.4 వోల్టుల కంటే తక్కువుంటే ఛార్జ్ చేసి మళ్లీ చూడండి.